గాజు మీద రీసెర్చ్ చేస్తానంటున్న అమ్మాయి, ప్లస్ టూకి వైజాగ్ పంపాలా?

ఒడిశాలోని బరంపురం నుంచి ఒక తండ్రి రాశారు. గ్లాసు, ప్లైవుడ్ షాపు నడుపుతున్నారు. పదో తరగతి చదువుతున్న కూతురు గాజు మీద రీసెర్చ్ చేసి ప్రొఫెసర్ అవుతానంటోందట. "గాజు మీద పీహెచ్‌డీ కూడా ఉంటుందా సార్? ఉద్యోగం వస్తుందా? ఇంటర్‌కి వైజాగ్‌లో వేద్దామనుకుంటున్నాం. అంత చదివేసరికి పెళ్లి వయసు దాటిపోతుందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు" అని అడిగారు. మామూలు గ్లాసు కటర్‌తో గీస్తే విరుగుతుంది కదా, టఫెన్డ్ గ్లాసును ఎందుకు కోయలేం అని పాప అడిగితే తాను చెప్పలేకపోయానని కూడా రాశారు.

సార్, ముందు పాప ప్రశ్న సంగతి చూద్దాం. మీరు సైజుకి కోసి, హోల్స్ వేయించి, ఆ తర్వాతే టఫెనింగ్‌కి పంపుతారు కదా. అక్కడ పలకను 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి రెండు వైపులా గాలి కొడతారు. పైపొర వెంటనే గట్టిపడిపోతుంది, లోపలి భాగం ఆలస్యంగా చల్లబడి కుంచించుకుపోతూ ఆ పైపొరను తనవైపు లాక్కుంటుంది, దాంతో పైన ఎప్పటికీ నొక్కుడు, లోపల లాగుడు ఉండిపోతాయి. దెబ్బకు ఓర్చుకునేది ఆ నొక్కుడు వల్లే. కటర్ గీత దాన్ని దాటి లోపలికి దిగిందంటే మాత్రం పలక మొత్తం ఒక్కసారే చిన్న చిన్న పలుకులై రాలిపోతుంది. ఫోన్ స్క్రీన్ గాజుకి ఇదే బలాన్ని ఇంకో దారిలో తెస్తారు, కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచితే గాజులోని సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ చోట్లలో ఇరుక్కుంటాయి. పదో తరగతిలో ఈ ప్రశ్న అడిగిన పిల్లకి ఈ సబ్జెక్టు మీద నిజమైన ఆసక్తి ఉన్నట్టే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

గాజు అంటే కిటికీలు, అద్దాలే కాదు. ఇంటర్నెట్ నడిచేది గాజు ఫైబర్ మీదే, ఆ ఆలోచనకు 1966లో పునాది వేసిన చార్లెస్ కావ్‌కి 2009లో నోబెల్ వచ్చింది. 1969లో ఫ్లోరిడాలో లారీ హెంచ్ ఎముకకు అతుక్కునే గాజు తయారుచేశారు. మన తారాపూర్, కల్పాక్కంలలో అణు వ్యర్థాలను గాజులో కలిపి బిగిస్తున్నారు. 2022ని ఐక్యరాజ్యసమితి గాజు సంవత్సరంగా జరిపింది. ఇంతా చేసి, చల్లబడే ద్రవం స్ఫటికంగా మారకుండా అలాగే ఎందుకు బిగుసుకుపోతుందన్న అసలు ప్రశ్న ఈరోజుకీ పూర్తిగా తేలలేదు, అంటే మీ అమ్మాయి చేరేసరికి కూడా బోలెడు పని మిగిలే ఉంటుంది.

ఇప్పుడు వైజాగ్ విషయం. ఎన్‌ఐటీల్లో, అంటే కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీల్లో, సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరో, రేషన్ కార్డో, ఇంట్లో మాట్లాడే భాషో కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. రూర్కెలా ఎన్‌ఐటీలో సిరామిక్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది, గాజు అందులో భాగమే, కంప్యూటర్ సైన్స్‌తో పోలిస్తే ర్యాంకు కూడా బాగా అందుబాటులో ఉంటుంది. పాప ప్లస్ టూ బరంపురంలోనే చదివితే ఒడిశా కోటా దొరుకుతుంది. వైజాగ్‌లో ఇంటర్ చదివితే ఆ హక్కు పోయి, ఆంధ్రా కోటాలోకి వెళ్తుంది, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఈ బ్రాంచ్ లేదు. మన సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఈ సంగతి కౌన్సెలింగ్ రోజు దాకా చూసుకోరు, చూసుకునేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. కోచింగ్ కావాలంటే ఆన్‌లైన్‌లో ఇప్పించండి, పిల్లని మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి.

అదొక్కటే దారి కాదు. బనారస్ ఐఐటీలో కూడా సిరామిక్ ఇంజనీరింగ్ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఇంజనీరింగ్ వద్దనుకుంటే మీ ఊళ్లోనే ఐఐఎస్ఈఆర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, దానికి వేరే పరీక్ష, రాష్ట్రం కోటా గొడవ లేదు. అక్కడ గాజు అన్న పేరుతో కోర్సు ఉండదు, ఫిజిక్స్ గానీ కెమిస్ట్రీ గానీ తీసుకుని పీహెచ్‌డీలో గాజు వైపు రావచ్చు. తిరుపతి ఎస్వీ, నాగార్జున, ఉస్మానియా ఫిజిక్స్ విభాగాల్లో గాజుల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. "గాజు ప్రొఫెసర్" అని నోటిఫికేషన్ ఎక్కడా పడదు, పోస్టు ఫిజిక్స్‌లోనో, కెమిస్ట్రీలోనో, మెటీరియల్స్‌లోనో వస్తుంది. అందుకని అసలు సబ్జెక్టులో పునాది గట్టిగా ఉండాలి.

ల్యాబ్ పని ఎలా ఉంటుందో పాపకి ముందే చెప్పండి. పొడులు మిల్లీగ్రాముల లెక్కన తూచి, మెత్తగా నూరి, క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే మూసలో) వేసి వెయ్యి డిగ్రీల పైన ఫర్నేసులో కరిగించి, ఇత్తడి పలక మీద పోసి, వెంటనే ఇంకో ఫర్నేసులో పెట్టి నెమ్మదిగా చల్లార్చాలి. కాస్త ఆలస్యమైతే టప్పున పగులుతుంది. కొన్నిసార్లు పగలదు గానీ, లోపల స్ఫటికాలు ఏర్పడి పాలలా తెల్లబడిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. ఇలా వారాలు గడుస్తాయి. ప్రొఫెసర్ అయ్యాక ఫర్నేసు దగ్గర గడిపే టైమ్ తగ్గి, క్లాసులు, గ్రాంట్ల కోసం ప్రపోజల్స్, పిల్లల థీసిస్‌లు దిద్దడం పెరుగుతాయి.

డబ్బు, పెళ్లి. బీటెక్ అయ్యేసరికి ఇరవై ఒకటి, పీహెచ్‌డీ ఇంకో ఐదేళ్లు, ఆ పైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం, ఒకట్రెండేళ్లు. అయితే పరీక్ష రాసి తెచ్చుకునే రీసెర్చ్ ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, దానికి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. కాబట్టి పీహెచ్‌డీ అంటే మీరు ఫీజులు కట్టుకుంటూ పోవడం కాదు, ఆమెకే జీతంలా వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా యూజీసీ స్కేలులో బేసిక్ 57,700తో మొదలవుతుంది. పోస్టులు నెమ్మదిగా భర్తీ అవుతాయి, అది నిజం, ఆ మధ్యలో కంపెనీల ఆర్‌అండ్‌డీ, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) లాంటివి కూడా ప్రయత్నించాలి. పెళ్లి మాటకొస్తే, పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్న అమ్మాయిలు ప్రతి ల్యాబ్‌లో కనిపిస్తారు. చదువుకి ఒప్పుకునే సంబంధం చూడటం పెద్దవాళ్ల చేతిలో పని.

మరొకటి. కలకత్తా జాదవ్‌పూర్‌లో సెంట్రల్ గ్లాస్ అండ్ సిరామిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1950 నాటిది. మీ ఊరు హౌరా లైన్ మీదే కాబట్టి రాత్రి రైలెక్కితే తెల్లారి అక్కడుంటారు. దాన్ని నడిపే కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ వాళ్లు స్కూలు పిల్లల కోసం జిజ్ఞాస అనే కార్యక్రమం నడుపుతారు. పాప స్కూలు ప్రిన్సిపాల్ గారి చేత ఒక లెటర్ రాయించండి, పిలిస్తే మీరు కూడా వెళ్లండి.