చిన్న దేశం ఏదో ఒక పెద్ద దేశం నీడన చేరక తప్పదా? దోహాలో నేను చూసింది

నేపాల్ వంటి చిన్న దేశం ఏ పెద్ద దేశం పక్షానా చేరకుండా నిలదొక్కుకోగలదా అని మీరు అడిగారు. ఒక్కరి నీడనే చేరితేనే ముప్పు ఎక్కువ అని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఖతార్‌లో కలిగింది.

మాది కోరుట్ల దగ్గర పల్లె. 2013 నుంచి ఏడేళ్లు దోహాలో ఆహార సరుకుల గోదాములో స్టోర్‌కీపరుగా పనిచేశాను. ఖతార్ విస్తీర్ణం దాదాపు మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా అంత. నేల మీద సరిహద్దు ఒక్క సౌదీతోనే ఉంది. 2017 జూన్ 5న, రంజాన్ నెలలో, సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఒకేసారి ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సరిహద్దు మూతపడింది. దిగుమతయ్యే ఆహారంలో సుమారు 40 శాతం ఆ దారినే వచ్చేది. మా గోదాముకు రోజూ వచ్చే సౌదీ పాల లారీ ఇక రాలేదు. దుకాణాల్లో పాలు, కోడి మాంసం అరలు చూస్తుండగానే ఖాళీ అయ్యాయి. టీవీలో వార్త చూసి అమ్మ ఫోను చేసింది. "తిండి దొరుకుతున్నదా బిడ్డా? వచ్చెయ్యి" అని ఏడ్చింది.

వారం తిరగకుండానే టర్కీ పాలు, పెరుగు విమానాల్లో దిగాయి. డబ్బాల మీది భాష మాలో ఎవరికీ రాదు. మూత రంగు చూసి ఏవి పాలో, ఏవి మజ్జిగో వేరు చేసుకున్నాం. ఇరాన్ నుంచి పండ్లు, కూరగాయలు వచ్చాయి. ఒమాన్‌లోని సొహార్, సలాలా రేవుల మీదుగా ఓడలు మళ్లాయి. జూలైలో పాడి ఆవులనే విమానాల్లో తెచ్చారు.

ఈ దారులేవీ ఆ వారంలో పుట్టినవి కావు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన గ్యాస్ నిక్షేపం సముద్రం కింద ఖతార్‌కూ ఇరాన్‌కూ ఉమ్మడిగా ఉంది. పొలం గట్టు కలిసిన పొరుగువాడితో మాట మానేసి సేద్యం చేయలేం కదా! అందుకే సౌదీకి ఎంత కోపం వచ్చినా ఇరాన్‌తో పూర్తిగా తెంచుకోలేదు. టర్కీకి సైనిక స్థావరం ఇచ్చే ఒప్పందం 2014 నాటిది. దిగ్బంధం మొదలైన రెండు రోజులకే అక్కడికి మరింత సైన్యాన్ని పంపడానికి టర్కీ పార్లమెంటు అనుమతిచ్చింది. ఖతార్ సొంత రేవు హమద్ అంతకు ముందు డిసెంబరులోనే పని మొదలుపెట్టింది. అది లేకుంటే ఆ ఓడలన్నీ ఎక్కడ ఆగేవో!

ఇక అమెరికా. దోహా దగ్గరి అల్ ఉదైద్ వైమానిక స్థావరంలో వేలాది అమెరికా సైనికులు ఉన్నారు. అయినా ట్రంప్ మొదట దిగ్బంధాన్నే సమర్థించారు. మా క్యాంపులో అందరం ఆ వార్తకే ఎక్కువ భయపడ్డాం. పది రోజులు తిరగకముందే అదే అమెరికాతో 1,200 కోట్ల డాలర్ల ఎఫ్-15 యుద్ధ విమానాల ఒప్పందం కుదిరింది. ఖతార్ వార్తా చానల్ అల్ జజీరాను మూసేయాలి, టర్కీ స్థావరం తీసేయాలి, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకోవాలి అంటూ ఆ నాలుగు దేశాలు పెట్టిన 13 షరతులకు ఖతార్ తలవంచలేదు. కువైట్ మధ్యవర్తిత్వంతో 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరేనాటికి ఆ మూడింటిలో ఒక్కటీ నెరవేరలేదు.

దెబ్బ మాత్రం మావంటి వారికీ తగిలింది. మా వైపు ఒకే ఇంట్లో అన్న దోహాలో, తమ్ముడు దుబాయిలో ఉండటం మామూలే. మాదీ అంతే. ఖతార్ మీద సానుభూతి చూపితే 3 నుంచి 15 ఏళ్ల జైలు అని యూఏఈ ప్రకటించింది. మా తమ్ముడు వణికిపోయి, వాట్సాప్‌లో ఆ మాటే ఎత్తవద్దని బతిమాలాడు. నేరుగా విమానాలు ఆగిపోవడంతో గంట ప్రయాణం దూరంలో ఉన్న తమ్ముణ్ని మూడేళ్లు చూడలేదు.

నా గదిలో ఉండే నేపాలీ మిత్రుడు ఇదంతా చూసి చాలా బాధపడ్డాడు. 2015 సెప్టెంబరులో వారి కొత్త రాజ్యాంగం వచ్చాక, దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన వేళ భారత సరిహద్దులో సరుకు రవాణా నెలల తరబడి స్తంభించింది. గ్యాస్ బండ దొరకక వాళ్ల అమ్మ కట్టెలతో వండుకుంది. 2016 మార్చిలో చైనాతో రవాణా ఒప్పందం చేసుకున్నారు కానీ, హిమాలయాలు దాటి సరుకు తేవడం సంతకం పెట్టినంత సులువు కాదు. నేపాల్‌కు సముద్రం లేదు, ఖతార్‌కున్నంత డబ్బూ లేదు. అందుకే ఖతార్ చేసినట్టే మీరూ చేయండి అని నేపాల్‌కు చెప్పడం అన్యాయం. రెండో దారి వేసుకోవడానికి వారికి దశాబ్దాలు పడుతుంది. ఆలోగా ఢిల్లీతోనూ బీజింగ్‌తోనూ మాట చెడకుండా చూసుకోవాలి.

ఖతార్‌కైనా పూర్తి రక్షణ దొరకలేదు. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు అల్ ఉదైద్ మీదికే వచ్చాయి. సెప్టెంబరులో, గాజా మీద మధ్యవర్తిత్వం చేస్తున్న దోహా మీదనే ఇజ్రాయెల్ దాడి చేసింది. మా మేనల్లుడు ఇప్పుడు అక్కడే డ్రైవరు. జూన్‌లో ఆ రాత్రి ఆకాశంలో క్షిపణులు పేలే వెలుగును వీడియో తీసి పంపాడు. మా అక్క తెల్లవారేదాకా ఫోను కింద పెట్టలేదు.