మినిమం కడుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నరసన్నపేట నుంచి మీ మావయ్య ఆశీస్సులు. సంక్రాంతి బట్టలు, సరుకులు క్రెడిట్ కార్డు మీద తీసుకున్నావనీ, ఇప్పుడు మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కడుతూ నెట్టుకొస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది.

మినిమం కడితే లేటు ఫీజు పడదు, సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే అప్పుల రికార్డులో, గడువుకి కట్టలేదన్న మచ్చ పడదు. అంతవరకే. వడ్డీ ఆగదు. చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం దాకా ఉంటుంది, అంటే మన లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటిపోతుంది. పలాస బజారులో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అంటే వాడి గుమ్మం తొక్కుతావా? 40,000 బాకీకి అయిదు శాతం చొప్పున 2,000 కట్టావనుకో. మిగిలిన 38,000కి నెల వడ్డీ 1,330, జీఎస్టీ 239. బాకీ మళ్లీ 39,569 అయి కూర్చుంటుంది. కట్టింది రెండు వేలు, తగ్గింది 431.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఇవాళ పెట్రోలు కొట్టిస్తే ఇవాళ్టి నుంచే వడ్డీ. అందుకే ముందు వాడకం ఆపు. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు తీసెయ్, ఆటోపేలు రద్దు చెయ్. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తియ్యనే తియ్యకు, ఫీజు వేరే, వడ్డీ వేరే. కార్డు గీకి కమీషన్ పట్టుకుని క్యాష్ ఇచ్చేవాళ్ల జోలికి అసలే పోకు.

వడ్డీ రోజులెక్కన పడుతుంది కాబట్టి చేతికి వెయ్యి వచ్చినా ఆరోజే కట్టెయ్, గడువు తేదీ దాకా దాచకు.

గడువుకి ముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బాకీని ఈఎంఐకి మార్చమని అడుగు. ఏడాదికి వడ్డీ ఎంత, అది ఫ్లాటా (అంటే మొదటి అసలు మీదే చివరిదాకా పడేదా), తగ్గే బాకీ మీదా, ప్రాసెసింగ్ ఫీజెంత, ముందే తీర్చేస్తే ఛార్జీ ఉందా, ఇవన్నీ కాగితం మీద రాసుకో. "నెలకి ఒకటింపావే సార్" అంటే అది ఫ్లాటో కాదో తేల్చుకోకుండా మురిసిపోకు. మార్చాక ఆ ఈఎంఐ మొత్తం నెలనెలా మినిమంలో కలుస్తుంది, దానికి తగ్గట్టే కంతులు పెట్టించుకో. కోడలు ఒప్పుకుంటే బ్యాంకులో బంగారం కుదువపెట్టి కార్డు ఒక్కసారే తీర్చెయ్యడం నా లెక్కన ఇంకా నయం. వడ్డీ రూపాయి అటూఇటూగా ఉంటుంది. మళ్లీ కార్డు గీకితే మాత్రం రెండు బాకీలవుతాయి.

గడువు దాటినా మూడు రోజుల్లోపు కడితే లేటు ఫీజు వెయ్యకూడదని ఆర్బీఐ నిబంధన. వేస్తే బ్యాంకుకి రాతపూర్వకంగా పెట్టు, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. వసూలువాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. "సగం కట్టు, సెటిల్ చేస్తాం" అంటే వెంటనే ఊ అనకు, సిబిల్‌లో సెటిల్డ్ అని పడితే రేపు ఇంటి లోను దగ్గర అడ్డం తిరుగుతుంది.

ఈ నెల స్టేట్‌మెంట్ అన్ని పేజీలూ వాట్సాప్‌లో పెట్టు, కార్డు నంబరు కనపడకుండా. ఏ ఛార్జీ ఎందుకు పడిందో చూసి చెప్తాను.

మీ మావయ్య