చెస్‌లో 1850 రేటింగు ఆటగాడితో ఏనుగుల ముగింపు: డ్రా ఎక్కడ జారిపోయింది?

కావలి అన్నా, ఒంగోలు టోర్నీలో 1450 రేటింగున్న మీ 14 ఏళ్ల అబ్బాయి 1850 ఆటగాడికి ఓడిపోయిన ఆట చూశాను. బంటు తక్కువున్న ఆ ముగింపు నిలబడేదా, రేటింగు ఎంత పోతుంది అని అడిగారు.

నిలబడేదే. గళ్లను నిలువు వరుసకు అక్షరం, అడ్డ వరుసకు అంకెతో చెబుతున్నాను. తెల్లరాజు డి5, బంటు ఇ5, ఏనుగు ఏ7. మీవాడి నల్లరాజు ఇ8, ఏనుగు బి6. దీన్ని ఫిలిడోర్ స్థితి అంటారు. నల్ల ఏనుగు ఆరో వరుసను కాస్తున్నంతసేపు తెల్లరాజు ముందుకు రాలేడు. బి6 నుంచి జి6, మళ్లీ బి6, అంతే. బంటు ఇ6కి తోసిన మరుక్షణం ఏనుగు బి1కి దిగి వెనక నుంచి చెక్కులు ఇవ్వాలి. బంటు ముందుకెళ్లిపోయింది కాబట్టి తెల్లరాజుకు దాక్కునే చోటుండదు. మీవాడు బంటు కదలకముందే బి1కి దింపేశాడు. వెంటనే తెల్లరాజు ఇ6కి వచ్చి, ఏనుగుతో ఏ8లో చెక్‌మేట్‌కు సిద్ధమయ్యాడు. అక్కడా దారి ఉంది గానీ, గడియారం నడుస్తుండగా పిల్లలకు దొరకడం కష్టం.

ఇలా ఏనుగును అటూఇటూ జరుపుతూ మూడోసారి అదే స్థితి రాబోతుంటే ఎత్తు బోర్డు మీద వేయకూడదు. ఎత్తులు రాసే షీటులో రాసి, టోర్నీ నిర్ణేత అయిన ఆర్బిటర్‌ను పిలిచి డ్రా అడగాలి. అది తప్పని తేలితే ప్రత్యర్థికి 2 నిమిషాలు కలుపుతారు.

రేటింగు సంగతికి దిగులొద్దు. 400 తేడాకు ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) పట్టికలో తక్కువ రేటింగువాడికి అంచనా 0.08 పాయింటు. 18 లోపు వాళ్లకు కె (రేటింగు మార్పును గుణించే అంకె) 40 గనుక పోయింది 3.2 మాత్రమే. డ్రా అయుంటే 16.8 వచ్చేది.