నాలుగు వేలు చేతిలో లేక ఇంజన్ పోయింది

ప్రశ్న: కడియం నర్సరీల నుంచి రాజమండ్రి, కాకినాడ వైపు మొక్కలు తోలుతుంటాను. బండి 2013 మోడల్ టాటా ఏస్, ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది. 2,30,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు నీలం పొగ వస్తోంది, వారానికి లీటరు ఇంజన్ ఆయిల్ తాగుతోంది, మైలేజీ 18 నుంచి 14కి పడిపోయింది. ఏడాది కింద రేడియేటర్ లీకైతే నాలుగు వేలవుతుందన్నారు. చేతిలో లేక నీళ్లు పోసుకుంటూ నడిపాను, రెండుసార్లు హీటెక్కి దారిలో ఆగిపోయింది. ఫుల్ ఇంజన్ పనికి 70,000, పన్నెండు రోజులు అంటున్నాడు మెకానిక్. విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజన్ చూస్తే బిగింపుతో కలిపి 55,000లో అయిపోతుందట. కొత్త బండికి లక్ష కట్టి, నెలకు 11,500 చొప్పున నాలుగేళ్లు కట్టాలి. ఒక ప్రైవేటు ఫైనాన్స్‌వాళ్లు మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర ఇస్తామన్నారు. ఇంజన్‌తో పాటు పెయింటింగ్, బాడీ పని కూడా చేయించేద్దామని ఉంది. డీజిల్ ఖర్చులు పోను నెలకు 28,000 వస్తాయి, ఇంటికి 18,000 అవుతుంది. లక్షా పాతిక వేల చిట్టీలో నెలకు 5,000 కడుతున్నాను. 25 నెలల్లో 14 కట్టాను, ఇంకా పాడలేదు. ఇప్పుడు పాడితే లక్షా ఐదు వేల దాకా చేతికి రావచ్చు. బ్యాంకులో ఏమీ లేదు. ఇంజన్ బాగు చేయించాలా, మార్చాలా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇంజన్ గురించినది కాదు. "నాలుగు వేలు చేతిలో లేక" అన్నారు చూడండి, అది. సొంత బండి మీద బతికేవాళ్లలో ఇదే పొరపాటు మళ్లీ మళ్లీ చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

రెండు లక్షల ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ అరగడం సహజమే. కానీ రెండుసార్లు హీటెక్కిన ఇంజన్ వేరు. వేడికి ఆయిల్ పలచబడి పిస్టన్, దాని రింగులు, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) ఒకదాన్నొకటి గీరుకుంటాయి, హెడ్ (ఇంజన్ పైమూత) వంగుతుంది. నాలుగు వేల పని డెబ్బై వేల పని అయింది. ఆ రోజు కూడా మీరు నెలకు ఐదు వేలు చిట్టీ కడుతూనే ఉన్నారు. అంటే మీకు పొదుపు అలవాటు లేదని కాదు, పొదుపు చేసిన డబ్బు అవసరమైన రోజున చేతికి అందే చోట లేదు. చిట్టీ, స్థలం రెండూ మంచివే కావచ్చు. కానీ బండి ఆగిపోయిన రోజు సాయంత్రానికి అవి డబ్బుగా మారవు.

ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర వద్దు. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. నెలకు 4,500 వడ్డీయే కడతారు, అసలులో రూపాయి తగ్గదు. మూడేళ్లు అలాగే నడిస్తే 1,62,000 కట్టేసి ఉంటారు, లక్షన్నర బాకీ అలాగే ఉంటుంది. ఇలాంటి చోట సాధారణంగా ఆర్‌సీ, సంతకం చేసిన ఖాళీ చెక్కులు పెట్టమంటారు. ఇల్లు నడిపే బండి కాగితాలు, ఖాళీ చెక్కులు ఎవరి చేతిలోనూ పెట్టకండి. పైగా ఆ అప్పులో సగానికి పైగా పెయింటింగ్‌కూ బాడీకీ అంటున్నారు. రంగు వల్ల మీకు ఒక్క ట్రిప్పు కూడా ఎక్కువ రాదు. దయచేసి ఆ ఫైనాన్స్‌వాళ్లకు ఫోన్ చేసి అక్కర్లేదని ఈ రోజే చెప్పేయండి.

ఇక ఇంజన్. చాసిస్ (బండి అడుగు చట్రం) తుప్పు పట్టకుండా, గేర్ బాక్స్, డిఫరెన్షియల్ చప్పుడు లేకుండా ఉంటే ఫుల్ ఇంజన్ పనే చేయించండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండిని ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి కాబట్టి, బండి అందులో నిలబడుతుందా లేదా అనేది ముందు ఎవరినైనా తెలిసినవాళ్లను కిందికి దూరి చూడమనండి. చాసిస్ పోయిన బండికి కొత్త ఊపిరి పోసి లాభం లేదు. అది గట్టిగా ఉంటే లెక్క తేలికే. విప్పాక క్రాంకో (పిస్టన్లు తిప్పే ఇరుసు), హెడ్డో తేడా వచ్చి 70,000 కాస్తా 85,000 అయిందనుకుందాం. మూడేళ్లు నడిచినా నెలకు 2,400 లోపు పడుతుంది. కొత్త బండి వాయిదా 11,500. ఇల్లు, చిట్టీ పోను నెలకు ఐదు వేలే మిగిలే చోట ఆ దారి ఇప్పటికి మీది కాదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ లోపల ఎంత అరిగిందో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. పైగా ఆర్‌సీలో ఇంజన్ నంబర్ ఉంటుంది. బిల్లుతో కొని, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్‌టీఓ ఆఫీసులో మార్పు నమోదు చేయించకపోతే ఫిట్‌నెస్‌లోనూ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ చిక్కే. మిగిలే పదిహేను వేల కోసం ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

హాఫ్ ఇంజన్ పనితో సరిపెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బోరు కోలగా అరిగిపోయాక రింగులు మాత్రం మారిస్తే కొన్ని నెలల్లో మళ్లీ పొగే. లేత్ వర్క్‌షాప్‌లో బోరు, క్రాంక్ కొలతలు తీయించి, ఆ కాగితం చూశాకే సామాను కొనండి. రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, హోస్ పైపులు అదే ఎస్టిమేట్‌లో ఉండాలి. అవి వదిలేస్తే కొత్త ఇంజన్ కూడా పాతదాని దారే పడుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఫుల్ లోడ్ వేయకండి, ఆ తర్వాత ఆయిల్ మార్చండి.

డబ్బు ఎక్కడిది? చిట్టీ పాడండి. ఇరవై వేలు తరుగు పోతుందని మీకు బాధగా ఉంటుంది, అర్థమవుతోంది. కానీ ఫైనాన్స్ వడ్డీ ఒక్క ఏడాదికే 54,000. చిట్టీ పాడినందుకు కొత్తగా వాయిదా ఏదీ పుట్టదు, ఇప్పుడు కడుతున్నదే మిగిలిన 11 నెలలూ కడతారు. జామీనుదారుల కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి, అక్కడే చాలామందికి రోజులు పోతాయి. ఆలస్యమయ్యేలా ఉంటే కొద్ది మొత్తానికి బ్యాంకులో గోల్డ్ లోన్, చిట్టీ డబ్బు రాగానే తీర్చేయండి.

లక్షా ఐదులో 85,000 బండికి పక్కన పెట్టండి. మిగతా 20,000 బండి పనికి ముట్టుకోకూడదు. బండి షెడ్డులో ఉన్న పన్నెండు రోజులూ ఇల్లు నడవడానికి ఏడెనిమిది వేలు అందులోంచే వాడండి, చేబదులు చేయకండి. మిగిలిన పన్నెండు వేలే మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక. మీ భార్య పేరున వేరే ఖాతా తెరిచి, దానికి ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ కలపకుండా ఉంచండి.

అందులోకి నెలనెలా ఎక్కడి నుంచి వేయాలని అడుగుతారు. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరుగుతారనుకుంటే, మైలేజీ పడిపోయినందుకు నెలకు ముప్ఫై లీటర్లకు పైగా డీజిల్ అదనంగా కాలుతోంది. లీటరు 97 అనుకుంటే మూడు వేలు. ఆయిల్ మరో 1,600. ఇంజన్ బాగైతే ఈ 4,600 మీకు మిగులుతుంది. ఇది కాక 28,000లోంచి ఇంటి ఖర్చు, చిట్టీ పోతే మరో 5,000 మిగలాలి. అది ఎటు పోతోందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఒక నెల చీటీ మీద రాసి చూడండి. నెలకు 6,000 వేసినా ఏడాదిలో 72,000 అవుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు 1,08,000, బండి రిపేర్లకు 40,000, అక్కడిదాకా ఆపకండి. చిట్టీ అయిపోయాక వెంటనే ఇంకో చిట్టీలో చేరకండి, ఆ ఐదు వేలు కూడా ఈ ఖాతాలోకే. పెయింటింగ్ అది నిండాకే.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. థర్డ్ పార్టీ ప్రీమియంతో పాటు ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ మీ పాలసీలో ఉందో లేదో కాగితం తీసి చూసుకోండి.

వానలు పడి నర్సరీలకు గిరాకీ మొదలయ్యేలోగా బండి షెడ్డు నుంచి బయటికి రావాలి. అందుకని చిట్టీ తదుపరి పాట తారీఖు కనుక్కుని, దాన్ని బట్టి మెకానిక్‌కు రోజు చెప్పండి. అప్పటిదాకా తక్కువ లోడుతో నడపండి, రోజూ పొద్దున్నే ఆయిల్, నీళ్లు చూసుకోండి.