నీ కథలో ఉద్దెర ఖాతా ఎక్కడమ్మా?

అమ్మాయ్,

నువ్వు రాసి పంపిన సీరియల్ మూడు ఎపిసోడ్లూ చదివాను. నచ్చాయి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్నుంచి అన్నీ చీవాట్లే. 1949లో సుల్తాన్ బజార్‌లో అక్కాచెల్లెళ్లిద్దరు ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఆడవాళ్లకు బట్టలు కుట్టే దుకాణం పెట్టడం, అదీ పోలీసు చర్య అయిన మరుసటి ఏడాదే పెట్టడం, చాలా మంచి ఆలోచన. కానీ నూట పది పేజీల్లో పట్టుచీరల వర్ణనలు ఎనిమిది చోట్ల ఉన్నాయి, స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు నాలుగున్నాయి, ఒక్క సూది మాత్రం విరగలేదు. కుట్టించుకున్న ఒక్క మనిషి కూడా డబ్బులు ఎగ్గొట్టలేదు. ఇది కుట్టు దుకాణం ఎలా అవుతుంది చెప్పు?

హౌస్ ఆఫ్ ఎలియట్ చూసి రాయాలనిపించిందన్నావు. నేనూ చూశాను, మా మేనకోడలు డీవీడీలు తెచ్చిస్తే. బీబీసీలో 1991 నుంచి 1994 దాకా వచ్చింది, మూడు సీజన్లు. 1920ల లండన్లో తండ్రి పోయాక చేతిలో డబ్బూ, ఉద్యోగానికి పనికొచ్చే చదువూ లేని బియాట్రిస్, ఇవాంజలిన్ అనే అక్కాచెల్లెళ్లు కుట్టుపని మీద పైకొస్తారు. అందులో నువ్వు గౌన్లు చూశావు, టోపీలు చూశావు, ముత్యాల దండలు చూశావు. నీ తప్పు కాదులే, కెమెరా చూపించింది కూడా ఎక్కువ అవే. నాకైతే ప్రేమ సన్నివేశాల్లో కునుకు పట్టేది, బిల్లుల మాట రాగానే మెలకువ వచ్చేది. వెనక గదిలో కూర్చుని కుట్టే టిల్లీ, మాడ్జ్ ఉంటారు చూడు, నాకు వాళ్ల కోసమే తర్వాతి ఎపిసోడ్ పెట్టుకోవాలనిపించేది. ఈ సీరియల్‌ని ఊహించిన ఐలీన్ యాట్కిన్స్, జీన్ మార్ష్ ఇద్దరూ నటీమణులే. అంతకుముందు 1971లో వచ్చిన అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్ కూడా వాళ్ల ఆలోచనే, అందులో మేడ మీద దొరలతో సమానంగా కింద వంటింట్లో నౌకర్లకూ కథ ఉంటుంది. వాళ్లిద్దరి ఇళ్లలోనూ ఒకప్పుడు దొరల దగ్గర పనిచేసిన పెద్దవాళ్లున్నారు. అందుకే వాళ్ల కన్ను వెనక గదిలోకి వెళ్లింది. మరి నీ కన్ను? నీ దుకాణంలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు తప్ప మూడో చెయ్యి లేదు. కాజాలు ఎవరు కుడుతున్నారు? హుక్కులు ఎవరు పెడుతున్నారు? జర్దోజీ పని పాతబస్తీలో ఎవరింటికి వెళ్తోంది, పీసుకు ఎంతిస్తున్నారు, ఆ ఇచ్చేదాంట్లో నీ పెద్దక్క ఎంత కోస్తోంది? మంచిదైన పెద్దక్క కూలి దగ్గర గీచి గీచి బేరమాడిందనుకో, అప్పుడు నాకు ఆవిడ మీద నమ్మకం కుదురుతుంది.

ఇంక డబ్బు సంగతి. రెండో ఎపిసోడ్లో చెల్లెలు దారపు ఉండకి 'పాతిక పైసలు' ఇస్తుంది. రూపాయికి వంద పైసలన్న లెక్క వచ్చిందే 1957 ఏప్రిల్ 1న, దానికి ముందు అణాలు, రూపాయికి పదహారు. ఇది చిన్న పొరపాటే, ఎవరైనా దిద్దిపెడతారు. పెద్దది ఇంకోటుంది. 1949 హైదరాబాద్‌లో రెండు రకాల రూపాయలు నడిచేవి. ఒకటి నిజాం వారి హాలీ సిక్కా, రెండోది ఇండియా రూపాయి, దాన్ని మనవాళ్లు కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీకి ఆరు కల్దార్లు. హాలీ పూర్తిగా రద్దయ్యేసరికి 1959 వచ్చింది. ఇప్పుడు నీ మొదటి పెళ్లి ఆర్డరు తీసుకో. డెబ్బై రూపాయలకు ఒప్పుకున్నారు, సంతోషంతో చెల్లెలు గది అంతా గిరగిరా తిరిగింది, అక్కడ పాట కూడా పెట్టావు. ఆ డెబ్బై హాలీలో వస్తాయి. బట్ట బొంబాయి నుంచి తెప్పించారు కాబట్టి అక్కడ కట్టాల్సింది కల్దార్లలో, అరవై రెండు అనుకుందాం. పైకి ఎనిమిది మిగిలినట్టుంది. కానీ డెబ్బై హాలీ అంటే అరవై కల్దార్లే కదా! రాత్రంతా మేలుకుని కుట్టి, ఎదురు రెండు రూపాయలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి చెల్లెలికి ఎప్పుడు తెలుస్తుంది, అక్కకి ముందే తెలిసీ చెప్పలేదా, ఆ డబ్బు మార్చి పెట్టిన షావుకారు నవ్వాడా లేదా... నాకైతే ఒక ఎపిసోడ్ మొత్తం ఇక్కడే కనిపిస్తోంది. పాట తీసెయ్, ఈ లెక్క పెట్టు.

పెట్టుబడి కూడా నువ్వు తేలిగ్గా తెచ్చేశావు. తండ్రి పోయాడు, ఇల్లు అమ్మారు, అయిదు వేలు వచ్చాయి. ఎవరమ్మారమ్మా? అది బాబాయితో కలిసున్న ఉమ్మడి ఇల్లని నువ్వే రాశావు. హిందూ వారసత్వ చట్టం వచ్చింది 1956లో. దానికి ముందు ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు దక్కేది పోషణ, పెళ్లి ఖర్చు, అంతే. నీ బాబాయిని విలన్ చేసి అరిపించావు గానీ, ఆయన అరవక్కర్లేదు. పీట మీద కూర్చుని కాఫీ తాగుతూ 'మీ పెళ్లిళ్లు నేను చేస్తాగా' అంటే చాలు, ఒళ్లు మండిపోతుంది చదివేవాళ్లకి. అప్పుడు ఆ పిల్లల దగ్గర మిగిలేది తల్లి వంటి మీది బంగారం. దాన్ని తాకట్టు పెట్టాలి. కుట్టు మెషిన్ వాయిదాల మీద తేవాలి, సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిలో అమ్మడం పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలుపెట్టింది. నెల నెలా వాయిదా తేదీ వస్తుంటే, ప్రత్యేకంగా టెన్షన్ పెట్టడానికి నువ్వు ఇంకేమీ కష్టపడక్కర్లేదు.

మా అమ్మ కూడా నల్లకుంటలో కుట్టేది, నీకు చెప్పలేదనుకుంటాను. అట్ట ఊడిపోయిన ఒక నోటు పుస్తకం ఉండేది, ముందువైపు కొలతలు, వెనకవైపు ఉద్దెరలు. ఒకావిడ కూతురి పెళ్లికి పదకొండు జాకెట్లు కుట్టించుకుని, పెళ్లయ్యాక వచ్చి భుజం జారుతోందని సగం డబ్బే ఇచ్చింది. పెళ్లిలో మూడు రోజులూ అవే వేసుకున్నారు, మేమూ భోజనాలకి వెళ్లి చూశాం. అమ్మ ఏమీ అనలేదు. ఆ పేరు పక్కన చిన్న సున్నా చుట్టింది. తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా అమ్మకి 'చేతి నిండా పని'. నేను రాసిన కథలన్నిట్లోకీ ఆ సున్నానే మంచి డైలాగని ఇప్పటికీ అనుకుంటాను. దాన్ని ఒకసారి ఒక సీరియల్లో పెట్టాను (ఛానెల్ పేరెందుకులే). సున్నా ఎవరికి అర్థమవుతుంది మేడమ్ అని అది తీసేసి, అమ్మ పాత్ర చేత చెంపదెబ్బ కొట్టించారు. నీకూ ఇలాగే అవుతుంది. అయినా ముందు నువ్వు సున్నాయే రాయి, చెంపదెబ్బ వాళ్లు ఎలాగూ పెట్టుకుంటారు.

ఇంకోటి. నీ అక్కాచెల్లెళ్ల దగ్గరికే జనం ఎందుకు రావాలి? ఊళ్లో దర్జీలు లేరా? 'వాళ్ల చేతిలో మాయ ఉంది' అని రాశావు, అది తప్పించుకోవడం. నిజమైన కారణం నీ కథలోనే ఉంది, నువ్వు చూసుకోలేదు. పరదా ఉన్న ఇళ్లలోకి మగ దర్జీ వెళ్లి టేపు పెట్టలేడు కదా. ఆది జాకెట్టు పంపితే దాన్ని చూసి కుట్టాలి, ఆ ఆది ఏ అయిదేళ్ల కిందటిదో అయితే కొత్తది కూడా అంతే బిగుతు. ఆడపిల్ల అయితే నేరుగా జనానాలోకి వెళ్లి, మనిషిని నిలబెట్టి కొలత తీస్తుంది. వాళ్ల వ్యాపారం నిలబడేది అక్కడ. పైగా లోపలికి వెళ్లింది కాబట్టి ఆ ఇంట్లో అప్పులూ ఏడుపులూ అన్నీ చూస్తుంది. ఖడా దుపట్టా, అదే హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతురి బట్టలు, వాటి కొలతల కోసం వెళ్లిన చెల్లెలికి, జాగీర్లు పోయిన ఆ ఇంట్లో పెళ్లి బట్టలకు డబ్బులే లేవని తెలిసిపోతే? ఒప్పుకోవాలా, వద్దా?

బట్ట గురించి కూడా కాస్త తెలుసుకో, పేర్లు చల్లితే సరిపోదు. మష్రూ అని మూడుసార్లు రాశావు. దానికి పైన పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు, ఎందుకంటే ముస్లిం మగవాళ్లు ఒంటికి పట్టు తగలనివ్వకూడదన్న నియమం ఉంది, మష్రూ అన్న మాటకి అర్థమే 'అనుమతి ఉన్నది' అని. అది తెలిస్తే ఆ గుడ్డను తడిమే సన్నివేశం వేరేగా వస్తుంది. మన ఊళ్లోనే సురయ్యా హసన్ బోస్ గారు హిమ్రూ (పట్టూ నూలూ కలిపి నేసే పూల గుడ్డ), మష్రూ నేతని మళ్లీ నిలబెట్టారు, భర్త పోయిన ఆడవాళ్లకు మగ్గం నేర్పి పని ఇచ్చారు, 2021లో పోయారు. ఆవిడ గురించి దొరికినంతా చదువు, కానీ ఆవిణ్ని నీ పాత్రగా మార్చెయ్యకు.

ఆ లండన్ కథ జరిగిన కాలపు అసలు ఆడవాళ్ల లెక్కలు కూడా ఓసారి చూడు. పారిస్‌లో బట్టల దుకాణం పెట్టి పేరు తెచ్చుకున్న షనెల్ ఉంది చూడు, ఆవిడ పేరు మీద నడిచిన సెంటు కంపెనీలో 1924 ఒప్పందం ప్రకారం ఆవిడ వాటా పది శాతం. సీసా మీద పేరు ఆవిడది, తొంభై శాతం వేరేవాళ్లది! పారిస్‌లోనే మడెలిన్ వియొనే బట్టని ఏటవాలుగా, అంటే మన దర్జీలు క్రాస్ అంటారే అలా కత్తిరించి పేరు తెచ్చుకుంది. నకళ్ల బెడద భరించలేక లేబుల్ మీద తన వేలిముద్ర వేసేది. నీ సుల్తాన్ బజార్ మేడ మీది కోత కూడా వారం తిరక్కుండా కింది దుకాణం వాడు కాపీ కొట్టడూ? కొట్టనీ. వాడు బతకొద్దా.

చివరి ఎపిసోడ్ గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకు. ఆ బీబీసీ వాళ్ల కథే ముడి విప్పకుండా ఆగిపోయింది, నాలుగో సీజన్ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం రా, భోజనం ఇక్కడే. అమ్మ నోటు పుస్తకం చూపిస్తాను గానీ బయటికివ్వను, ఇక్కడే కూర్చుని రాసుకో. కత్తెర కూడా ఉంది, ఇప్పటికీ బాగా తెగుతుంది. చేతిలోకి తీసుకుని బరువు చూడు. దాంతో కాగితం మాత్రం కత్తిరించావంటే ఇంటికి వెళ్లగొడతాను.

మీ పిన్ని