చిటికెన వేలు నొప్పికి ఏ స్విచ్ మంచిది?

గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ పని, రోజంతా ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రభుత్వం పెట్టిన ప్రామాణిక కీల అమరిక) తెలుగు టైపింగ్, సాయంత్రానికి చిటికెన వేలు లాగేస్తోంది, మెకానికల్ కీబోర్డు కొందామంటే బ్లూ స్విచ్ తీసుకోవాలా రెడ్ తీసుకోవాలా అని అడిగారు కదండీ. ఈ కీబోర్డుల్లో ప్రతి కీ కింద ఒక స్విచ్ ఉంటుంది, దాని రకాన్ని రంగు పేరుతో పిలుస్తారు. నా మాట వింటే రెడ్ తీసుకోండి.

కారణం మీ లేఅవుట్‌లోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తక్షరాలన్నిటికీ షిఫ్ట్ నొక్కాలి. ఆ భారమంతా చిటికెన వేలిదే. చెర్రీ కంపెనీ ఎంఎక్స్ రకం స్విచ్‌లలో రెడ్‌ని నొక్కడానికి 45 సెంటీన్యూటన్ల బలం చాలు, అంటే సుమారు 46 గ్రాముల బరువు. బ్రౌన్ అనే ఇంకో రకానికి 55, బ్లూకి 60 సెంటీన్యూటన్లు కావాలి. ఒక్కసారికి ఇది చిన్న తేడాయే, కానీ రోజుకు వేలసార్లు నొక్కే వేలికి తెలుస్తుంది. పైగా బ్లూ టకటకలాడుతుంది, పక్క సీటువాళ్లు ఊరుకోరు.

అసలు ముఖ్యమైనది అలవాటు మార్చుకోవడం. పాత రబ్బరు కీబోర్డులో అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడేది. రెడ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగుకి గుద్దకండి. మొదట్లో తప్పులు పడతాయి, టెన్షన్ పడొద్దు.

మెకానికల్ కీబోర్డు ఎత్తుగా ఉంటుంది, మణికట్టు పైకి వంగకుండా దాని వెనక కాళ్లు మడిచేయండి. స్విచ్‌లు మార్చుకునే హాట్‌స్వాప్ రకమైతే ఇంకా మేలు. వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి.

విజయవాడ వచ్చినప్పుడు చెప్పండి, నా రెడ్ కీబోర్డు మీద ఒక పేజీ కొట్టి చూద్దురుగాని.