పెరటి ప్రశ్నలు: పొట్టి ఎర్ర గులాబీకి మన ఊరి నీళ్ళు పడతాయా?

ప్రశ్న: గేటు నుంచి మెట్ల దాకా దారి పక్కన వరసగా పెడదామని సంక్రాంతికి ముందు కడియం మొక్కల బండి వస్తే అరడజను ఎర్ర గులాబీ మొక్కలు కొన్నాం. మోకాలెత్తు కూడా పెరగవు, గుత్తులుగా పూస్తాయన్నాడు. చెప్పినట్టే మొదట్లో విరగబూశాయి. ఎండలు ముదిరేసరికి పాత ఆకుల అంచులు మాడిపోయాయి, కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తున్నాయి, మొగ్గ అన్నదే లేదు. బోరు నీళ్ళే పోస్తున్నాం. ఉప్పు నీళ్ళకి గులాబీ ఏం బతుకుతుందని మా అత్తగారు అంటున్నారు. పీకేసి నందివర్ధనం పెట్టుకోమంటారా?
– ఒక గృహిణి, కావలి

జవాబు: మీ అత్తగారి మాటలో సగం నిజం ఉందమ్మా, కానీ మొక్కలు పీకేసేంత నిజం లేదు. మీరు రాసినవి రెండు వేరు వేరు ఇబ్బందులు. ముదురు ఆకు అంచు నుంచి లోపలికి గోధుమ రంగులో మాడుతూ వస్తే అది చాలావరకు నీళ్ళలో ఉప్పు చేసే పని. లేత ఆకులో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అది ఇనుము లోపం, అంటే మట్టిలో ఇనుము లేదని కాదు, నేలా నీళ్ళూ క్షారంగా ఉండటంతో ఉన్న ఇనుము కూడా వేరుకి అందడం లేదని.

మొక్క మొదట్లో మట్టిని గోటితో గీకి చూడండి. తెల్లటి పొడి పొరలా లేస్తే ఇక అనుమానం అక్కర్లేదు. రోజూ చెంబుడు చెంబుడు పోసేవాళ్ళ ఇళ్ళలోనే ఈ పొర ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఆ కాస్త నీళ్ళూ ఎండకి ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం వేళ్ళ దగ్గరే మిగిలిపోతుంది. అందుకని పోసిన రోజు నిండుగా పోయండి, నీళ్ళు వేళ్ళు దాటి కిందికి దిగాలి, మళ్ళీ పైన అంగుళం మట్టి ఆరాకే పోయాలి. మీది ఇసుక నేలైతే నీళ్ళు ఇట్టే దిగిపోతాయి, అదొక్కటే ఇసుకతో లాభం. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పడితే పారబోయకండి, అందులో ఉప్పుండదు, గులాబీకి అమృతం. ఆర్‌ఓ మిషను నుంచి బయటికి పోయే నీళ్ళు మాత్రం పొరపాటున కూడా పోయకండి. వృథా అవుతున్నాయి కదా అని చాలామంది కుండీల్లోకి గొట్టం పెడుతుంటారు, తాగే నీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా చిక్కబడి ఉండేది వాటిలోనే!

పసుపు తిరిగిన ఆకులకి ఎరువుల కొట్లో అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్), నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) దొరుకుతాయి. లీటరు నీళ్ళకి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు గ్రాము కలిపి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా కొట్టండి. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూసి, మాడకపోతే మిగతా వాటికి, వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు. గోడల మీదా గచ్చు మీదా పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త.

ఇక మొగ్గ లేదన్నారు కదా, మేలో మొగ్గ కోసం ఆశపడకండి. అగ్ని కార్తె, రోహిణి కార్తెల్లో మన దగ్గర మనుషులే బయటికి రారు, ఆ ఎండలో పూసినా పువ్వు రూపాయి బిళ్ళంత వస్తుంది, ముదురెరుపు రేకుల అంచులు నల్లగా కమిలిపోతాయి. ఆ రెండు కార్తెలూ ఎరువు వేయకండి, వచ్చిన మొగ్గ చిదిమేయండి, మొక్క మొదట్లో రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ కప్పండి, కాండానికి మాత్రం ఆనించకుండా. పడమటెండ సూటిగా కొడుతుంటే పచ్చ నెట్ కట్టండి. వానలు పడ్డాక ఉప్పు కడుక్కుపోయి కొత్త చిగురు ఎలా వస్తుందో అప్పుడు మీ అత్తగారికి చూపిద్దురు గాని.

ప్రశ్న: గులాబీలు అక్టోబరులో కత్తిరించాలని చదివి ప్రతి ఏడూ అలాగే చేస్తున్నాను. చిగుళ్ళు రావడం, వాటి మీద నల్ల మచ్చలు పడి ఆకులు రాలడం, కొమ్మ పైనుంచి ఎండుకుంటూ రావడం. ఏ మందు వాడాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మందు తర్వాత మాస్టారూ, ముందు నెల మార్చండి. అక్టోబరు అని రాసేవాళ్ళు నైరుతి వానలతో వానాకాలం అయిపోయే ఊళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. మనకి అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు. ఈశాన్య రుతుపవనం, దాని మీద వాయుగుండాలు, ఒక్కోసారి వారం రోజులు ఎండ పొడ ఉండదు. సరిగ్గా ఆ ముసురులో మీరు కొమ్మలకి పచ్చి గాయాలు చేసి, లేత చిగుళ్ళు తెప్పించి పెడుతున్నారు. తెగులుకి ఇంతకన్నా ఏం కావాలి?

కార్తీక మాసం వెళ్ళాక, ముసురు తెరిపిచ్చి పొద్దున పూట మంచు పడటం మొదలయ్యాక కత్తెర పట్టుకోండి. డిసెంబరు మొదటి వారంలో కత్తిరిస్తే సుమారు నెలన్నర, యాభై రోజులకి పూత వస్తుంది, అంటే కనుమ దాటాక నిండుగా ఉంటుంది. అక్టోబరులో ఎండు కొమ్మలు మాత్రం తీసేయండి చాలు.

గుత్తుల గులాబీని పెద్ద పువ్వుల గులాబీలా బోడి చేయకూడదు. బలమైన కొమ్మలు నాలుగైదు ఉంచి, అడుగు, అడుగున్నర ఎత్తులో, బయటి వైపు చూసే కన్ను (చిగురు మొలిచే చోటు) మీద పావు అంగుళం వదిలి ఏటవాలుగా కోయండి. కోసినచోట మధ్యలో ఉండే బెండు చూడండి. తెల్లగా ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టు, గోధుమ రంగులో ఉంటే తెగులు లోపలికి దిగినట్టే, తెల్లది కనిపించేదాకా ఇంకా కిందికి కోస్తూ పోండి, మొహమాటపడకండి. కోతల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందుని నీళ్ళతో ముద్ద చేసి పూయండి. నల్ల మచ్చకి మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీళ్ళకి 2.5 గ్రాములు సరిపోతుంది గానీ, రాలిన ఆకులు ఏరి తగలబెట్టకుండా మందు ఒక్కటే కొడితే డబ్బు దండగ. కత్తిరించాక వేళ్ళు బయటపెట్టి ఎండనివ్వడం అని ఒక పాత పద్ధతి చెబుతారు, మన వేడికి దాని జోలికి పోకండి.

ప్రశ్న: నర్సరీలో అడిగితే బటన్ రోజా అంటారు, ఇంకోచోట ఫ్లోరిబండా అంటారు. పొట్టిగా ఉండే ఎర్ర రకాల అసలు పేర్లేమిటి? మాకు ఎకరం తోటేమీ లేదు, అపార్ట్‌మెంట్ బాల్కనీ.
– ఒక బ్యాంకు ఉద్యోగిని, నెల్లూరు

జవాబు: బటన్ రోజా అని అమ్మేది చాలాసార్లు మరీ చిన్న పువ్వుల మొక్క. ఫ్లోరిబండా అంటే పువ్వు మధ్యస్థంగా ఉండి ఒక్కో కొమ్మకి గుత్తిగా పూసేది. ఈ జాతికి దారి వేసింది డెన్మార్క్‌లోని పౌల్సెన్ కుటుంబం, వందేళ్ళ క్రితం చలిని తట్టుకునేలా పొట్టి గుత్తి గులాబీలకీ పెద్ద పువ్వుల గులాబీలకీ సంకరం చేశారు. చలికోసం పుట్టినది ఇప్పుడు నెల్లూరు ఎండలో మన చేతిలో పడింది, దానికీ కాస్త టెన్షన్ ఉంటుంది మరి. ఎరుపులో పేరున్నవి యూరోపియానా, 1963లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది, ముదురెరుపు, గుత్తి చాలా పెద్దది, బూడిద తెగులు మాత్రం తొందరగా పడుతుంది. ట్రంపెటర్ 1977 నాటిది, న్యూజిలాండ్‌లో మెక్‌గ్రెడీ తయారు చేసినది, మంట ఎరుపు, ఒత్తుగా పొట్టిగా ఉంటుంది, బాకా వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గుర్తుగా ఆ పేరు పెట్టారు. మన బండ్ల మీద ఈ పేర్లు అడిగితే తల ఊపి చేతికందిన ఎర్రది ఇస్తారు, కాబట్టి పేరుకన్నా మొక్కని చూసి కొనండి. పువ్వు నిండా ఉన్నది కాదు, అంటు కట్టిన చోటు పైనుంచి రెండు మూడు లావు కొమ్మలు ఉన్నది.

బాల్కనీలో రోజుకి ఆరు గంటల ఎండ రాకపోతే గులాబీ వద్దు, నిక్కచ్చిగా చెబుతున్నా. తూర్పు వైపైతే మంచిది. పన్నెండంగుళాల కుండీ, మట్టిదైతే మేలు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకి కాగి వేళ్ళు ఉడికిపోతాయి.

ప్రశ్న: మా ఎర్ర గులాబీ మొదట్లోంచి ఒక కొమ్మ ఆరడుగులు లేచింది, పువ్వు లేదు. ఏడాకులుంటే అడవి కొమ్మ అంటారు, దీనికి కొన్నిచోట్ల ఐదే ఉన్నాయి. ఉంచాలా? అలాగే కోడిగుడ్డు పెంకులు, టీ పొడి వేస్తున్నాం, పని చేస్తాయా?
– సింగరాయకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆకులు లెక్కపెట్టడం నమ్మకమైన పరీక్ష కాదు, మంచి కొమ్మకీ ఏడు రావచ్చు. మట్టి తొలిచి అది ఎక్కడ పుట్టిందో చూడండి. అంటు ముడి కింద నుంచి వస్తే అది వేరుమొక్కది, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కది, కత్తిరిస్తే మళ్ళీ నాలుగు లేస్తాయి, పుట్టినచోట పట్టుకుని కిందికి లాగి పీకేయండి. ముడి పైనుంచి వస్తే అదే రేపటి మీ మంచి కొమ్మ, ముట్టుకోకండి, కాస్త చివర తుంచితే గుబురవుతుంది.

పెంకులు మన క్షార నేలలో కరగడానికి ఏళ్ళు పడుతుంది. పాలూ చక్కెరా వేసి కాచిన టీ పొడైతే చీమలు తప్ప ఏమీ రావు, కడిగి ఎండబెట్టి కంపోస్టులో వేయండి. వాటి బదులు నెలకోసారి మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు, గుప్పెడు వేపపిండి వేసి, గుత్తిలో ఆఖరి పువ్వు వాడగానే కింద మొదటి ఐదాకుల రెమ్మ దాకా కోసేయండి, అక్కడినుంచే మళ్ళీ గుత్తి వస్తుంది.